కంప్యూటర్‌లో తప్పిపోయిన చిలుకలు

భవాని కంప్యూటర్ ఆన్ చేసి చూస్తే ఏదీ ఉన్నచోట లేదు.

ఎడమ మూలన ఉండాల్సిన స్టార్ట్ బటన్ మూల విడిచి పోయింది. తెర మీద వరసగా నిలబడి ఉండే బొమ్మలన్నీ మాయమయ్యాయి. ఆమె రోజూ నొక్కే కుంచె బొమ్మ కూడా లేదు. మేడారం జాతరలో అందరూ కలిసి దిగిన ఫోటో ఉండాల్సిన చోట, ఎవరూ లేని ఖాళీ నీలిరంగు పరుచుకుని ఉంది. తాళం తీసి లోపలికి వస్తే తన ఇల్లు కాక పక్కవాళ్ల ఇల్లు కనబడినట్టయింది ఆమెకు.

ముందురోజు ఆమె భర్త పండరి ఒక మెకానిక్‌ని పిలిపించాడు. కంప్యూటర్ మరీ నెమ్మదిగా నడుస్తోందని పాత సిస్టం తీసేసి కొత్తది వేయించాడు. "పాతవన్నీ లోపట భద్రంగనే ఉన్నయట, ఫికర్ జేయకు" అని చెప్పి, పొద్దున్నే కొత్తవాడలో తాను పనిచేసే మరమగ్గాల షెడ్డుకు వెళ్లిపోయాడు. ఆ షెడ్డులో ఫోను మోగినా వినబడదు. నాలుగుసార్లు చేసి భవాని ఊరుకుంది.

ఆమెకు ఆ పూట అందులోంచి ఒకే ఒక్కటి కావాలి. చిలుకల డిజైను.

మట్టెవాడలో వాళ్లది పాత ఇల్లు. వెనక గదిలో మామ రాజలింగు మగ్గం మీద జంపఖానాలు నేస్తాడు. జీవితమంతా ఆయన నేసినవి చారలే. ఎరుపు, నీలం, పసుపు, మళ్లీ ఎరుపు. ముందుగదిలో కంప్యూటర్ వచ్చాక భవాని అందులో పెయింట్ అనే ప్రోగ్రాం కనిపెట్టింది. గళ్ల కాగితం మీద గీసినట్టే తెర మీద గడి తర్వాత గడి రంగు నింపుతూ పోవచ్చు. తప్పు పోతే రబ్బరుతో రుద్ది కాగితం చింపుకోనక్కర్లేదు. వంట అయిపోయాక రోజూ కాసేపు అలా గడులు నింపి, జామచెట్టు మీద చిలుకల గుంపు ఒకటి తయారు చేసింది. దాన్ని ఫోన్‌తో ఫోటో తీసి నేత సంఘం సుదర్శన్ సారుకు పంపింది. హన్మకొండ ఎగ్జిబిషన్‌లో సంఘం పెట్టే స్టాలుకు డిజైన్లు ఏరే బాధ్యత ఆయనది.

ఆ పొద్దున ఆయన ఫోన్ చేశాడు. "డిజైన్ మంచిగున్నది భవానమ్మా. గని నువ్వు పంపిన ఫోటో మసకమసకగున్నది, ప్రింటుకు పనికిరాదు. కంప్యూటర్ల ఉన్న అసలు ఫైలే పంపాలె. ఇయ్యాల సాయంత్రం లోపల రాకుంటే ఇంకోళ్లది పెట్టాల్సొస్తది. తర్వాత నన్ను అనొద్దు" అన్నాడు.

"పంపుత సార్, గదెంత పని" అంది భవాని.

ఇప్పుడు ఆ నీలిరంగు ముందు కూర్చుని గదెంత పనో అనుకుంటూ ఉండగా బయట ఆటో ఆగింది. రఘునాథపల్లి నుంచి ఆడబిడ్డ విజయశ్రీ దిగింది. పండరికి అక్క ఆమె. కళ్లద్దాలు కోతి ఎత్తుకుపోయి చెట్టెక్కి విరగ్గొట్టిందట, కొత్తవి చేయించుకోవడానికి వచ్చింది. దారిలోనే కళ్ల డాక్టరు దగ్గర చూపించుకుంది. అద్దాలు సాయంత్రం ఇస్తామన్నారట. ఆ కోతి తన అద్దాలు పెట్టుకుని తనవైపే ఎట్లా చూసిందో గడపలో నిలబడే చేసి చూపించింది. విజయశ్రీ వస్తే ఇంట్లో నవ్వు మొదలవుతుంది. ఆమెకు యాభై దాటినా ఆ ఇంట్లో అందరికన్నా చిన్నదానిలా ఉంటుంది.

"ఏందే, ముఖం గట్ల పెట్టినవ్" అంది లోపలికి వచ్చి.

"నా చిల్కలు పోయినయ్ వదినా."

"యాడికి పోయినయ్?"

"గీండ్లనే ఉన్నయట. కనబడ్తలేవు."

విజయశ్రీ కుర్చీ లాక్కుని తెరకు ముక్కు ఆనించేంత దగ్గరగా కూర్చుంది. "జరుగు. ఇద్దరం దేవులాడుదాం" అంది.

మొదట స్టార్ట్ బటన్ దొరికింది. అది పోలేదు, కింద నడిమధ్యకు వచ్చి కూర్చుంది. "కొత్త పెండ్లికొడుకు లెక్క నడుమ కూసున్నది సూడు" అంది విజయశ్రీ. దాన్ని నొక్కితే పైన ఒక పొడుగాటి పెట్టె కనిపించింది, పక్కన భూతద్దం బొమ్మ. ఇంతకుముందు కూడా అది ఎక్కడో ఉండేదేమో, భవాని ఎన్నడూ దాని జోలికి పోలేదు. ఆమెకు కావలసినవన్నీ తెర మీదే ఉండేవి కాబట్టి వెతుక్కునే అవసరం రాలేదు.

ఆ పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలతో పెయింట్ అని కొట్టడం మొదలుపెట్టింది. పి, ఏ కొట్టిందో లేదో, పూర్తిగా రాయకముందే కుంచె బొమ్మ వచ్చి ముందు నిలబడింది.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"పిలిస్తే పలికిందే" అంది విజయశ్రీ.

"సగం పిలిస్తేనే పలికింది" అంది భవాని.

ఆ తర్వాత ఇద్దరికీ ఆగలేదు. క్యాలిక్యులేటర్ అని పిలిచారు, వచ్చింది. కెమెరా అంటే అదీ వచ్చింది, ఇద్దరి ముఖాలూ తెర మీద పెద్దగా కనబడేసరికి విజయశ్రీ కొంగు సర్దుకుంది. గడియారం, వాతావరణం, పేకాట, ఏది పిలిస్తే అది పలికింది. పిలిచి పిలిచి అలిసిపోయాక చిలుకలు గుర్తొచ్చాయి.

పెయింట్ తెరిస్తే అందులో తెల్ల కాగితం తప్ప ఏమీ లేదు. ఇదివరకు చేసిన బొమ్మల గుర్తే దానికి లేదు. సరే, ప్రోగ్రాంని పిలిచినట్టే ఫైలునూ పిలుద్దామని భవాని పెట్టెలో చిలుకలు అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది. ఏమీ రాలేదు.

"చిలుకలు అని పుస్తకంల రాస్తరు. మనమేమంటం? చిల్క అంటం. గట్ల కొట్టు."

చిల్క అని కొట్టింది. రాలేదు. చిలక అని కొట్టింది. రాలేదు. రెండు ఎల్‌లు పెట్టి చూసింది. ప్యారట్ అని ఇంగ్లీషులోనే అడిగింది. జామచెట్టు, జాంచెట్టు, జామకాయ అని అడిగింది. జంపఖానా అన్నప్పుడు మాత్రం ఒకటి దొరికింది. తెరిస్తే, పోయిన వానకాలం మామ నేసిన చారల జంపఖానా మీద పక్కింటి పిల్లి పడుకున్న ఫోటో.

"నువ్వు పేరేం పెట్టినవో నీకు యాదికి లేదా?"

"పేరు పెట్టినట్టే యాదికి లేదు వదినా. సేవ్ నొక్కుత, బంద్ చేస్త. మళ్లొచ్చి దాని మీదనే నొక్కుత."

పేర్లతో దొరకకపోతే ఫోల్డర్లు ఒక్కొక్కటే తెరిచి చూద్దామనుకున్నారు. పసుపు సంచుల్లాంటి ఆ ఫోల్డర్లలో మళ్లీ సంచులు, వాటిలో మళ్లీ సంచులు. అన్నిటి పేర్లూ చీమల్లా చిన్న అక్షరాల్లో ఉన్నాయి. అద్దాలు లేని విజయశ్రీకి ఒక్కటీ కనబడటం లేదు. "అక్షరాలు జర పెద్దగ చేయరాదా" అంది. అలా వాళ్లు సెట్టింగ్స్‌లోకి వెళ్లారు. అసలు కథ అక్కడే పక్కదారి పట్టింది.

అక్షరాలు పెద్దవి చేసే చోటు తొందరగానే దొరికింది. ఒక గీత మీద చుక్కను కుడివైపు లాగితే అక్షరాలు పెరిగాయి. ఇంకా లాగమంది విజయశ్రీ. చివరిదాకా లాగితే ఒక్కో మాట తెర మీద సైన్‌బోర్డంత అయింది. "గిప్పుడు సక్కగ కనబడుతాంది" అని ఆమె సంబరపడి, అక్కడ ఉన్నవన్నీ చదవడం మొదలుపెట్టింది. పదో తరగతి దాకా చదివిన ఇంగ్లీషు ఆమెకింకా పోలేదు. నరేటర్ అని ఒకటి కనిపించింది. "నరేటర్ అంటే ఏందే? నొక్కి సూడు" అంది.

భవాని నొక్కింది. కంప్యూటర్ మాట్లాడటం మొదలుపెట్టింది.

ఎక్కడ చేయి పెడితే అక్కడ ఏముందో ఒక ఆడగొంతు గడగడా ఇంగ్లీషులో చదువుతోంది. ఆపుదామని భవాని ఇంకొకటి నొక్కితే దాన్నీ చదివింది. స్పీకర్ ఫుల్లుగా పెట్టి ఉంది. వెనక గదిలో మగ్గం చప్పుడు ఆగిపోయింది.

"భవానీ, ఎవరొచ్చిండ్రు?" అని రాజలింగు లోపలినుంచి అడిగాడు.

ఇద్దరూ నవ్వు ఆపుకోలేకపోతున్నారు. విజయశ్రీ కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి రాజలింగు చొక్కా తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని, తల దువ్వుకుని ముందుగదిలోకి వచ్చాడు. కోడలు, బిడ్డ తప్ప ఎవరూ లేరు. గొంతు మాత్రం ఇంకా వినబడుతోంది.

"ఆఫీసర్ మేడం వచ్చిందనుకున్న" అన్నాడాయన.

"మేడం గీండ్ల ఉన్నది బాపు" అని విజయశ్రీ కంప్యూటర్ చూపించింది.

ఆయన దాన్ని కాసేపు విన్నాడు. "మస్తు గడగడ మాట్లాడుతాంది. జర కూసుండి చాయ్ తాగుమనుండ్రి" అని చెప్పి మళ్లీ మగ్గం దగ్గరికి వెళ్లిపోయాడు. చొక్కా మాత్రం విప్పలేదు.

ఆ మేడంను ఆపడానికి భవాని సెట్టింగ్స్‌లో ఇంకాస్త లోపలికి పోయింది. అక్షరాలు పెద్దవైపోవడంతో తెర మీద ఒకటి రెండు మాటల కన్నా పట్టడం లేదు. ఏది దేనికి సంబంధించినదో తెలియడం లేదు. డిస్‌ప్లే అన్నచోట ఏదో చిన్న బాణం గుర్తు ఉంటే నొక్కింది. నాలుగు మాటలు కిందికి జారాయి. ఫ్లిప్డ్ అన్న మాట ఆమెకు బాగుందనిపించింది.

తెర మొత్తం ఒకసారి నల్లబడింది. మళ్లీ వెలుగు వచ్చేసరికి అంతా తలకిందులైపోయింది. స్టార్ట్ బటన్ ఇంటికప్పుకు వేలాడుతున్నట్టుంది. అక్షరాలన్నీ శీర్షాసనం వేశాయి. మధ్యలో ఏదో అడుగుతూ రెండు గడులు కనిపించాయి. తలకిందుల అక్షరాలు చదవలేక భవాని ఒకటి నొక్కింది. నొక్కాక తెలిసింది, ఇలాగే ఉంచమంటావా అని అది అడిగింది, ఉంచమని ఈమె చెప్పింది.

ఇప్పుడు మౌస్ కుడికి జరిపితే బాణం ఎడమకు పోతోంది. పైకి తోస్తే కిందికి దిగుతోంది. పట్టుకుందామంటే దొరకని కోడిపిల్లలా తప్పించుకు తిరుగుతోంది. భవానికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "సాయంత్రం లోపల పంపాలె వదినా" అంది, కళ్లు తుడుచుకుంటూ. దేనికి వచ్చిన నీళ్లో ఆమెకే తెలియలేదు.

విజయశ్రీ మౌస్ వైపు ఆలోచనగా చూసింది. "అది ఉల్టా అయితే మనం గూడ ఉల్టా కావాలె" అంది. మౌస్‌ను తిప్పి, తోక తమవైపు ఉండేలా పెట్టింది. అరచేతి కింది భాగంతో బటన్ నొక్కాలి, అంతే. జరిపి చూస్తే బాణం చెప్పిన మాట విన్నది.

"మరి చదువుడెట్ల?"

విజయశ్రీ లేచి, పక్కనున్న మంచం మీద వెల్లకిలా పడుకుంది. మంచం అంచు దాటి తలను కిందికి వేలాడదీసింది. జడ నేలకు తాకింది. "గిప్పుడు నాకంత సీదగనే ఉన్నది. నేను చదువుత, నువ్వు కొట్టు" అంది.

అలా ఒకరు కుర్చీలో నిటారుగా, ఒకరు మంచం మీద తలకిందులుగా పని మొదలుపెట్టారు. విజయశ్రీ చదువుతుంది. ఆమె కన్నా ముందే కంప్యూటర్‌లో మేడం చదివేస్తుంది. "ఆమె నాకంటే ముందుగాల చదువుతాంది, గిది అన్యాలం" అని విజయశ్రీ కిందినుంచి ఫిర్యాదు చేస్తుంది. భవాని నవ్వితే చేయి కదిలి ఇంకేదో తెరుచుకుంటుంది. దాన్ని మూస్తారు.

ఒక గంట గడిచిందో, ఎక్కువే గడిచిందో. చిలుకలు మాత్రం దొరకలేదు.

"అందరిని పిలిచినం. నన్ను గూడ పిలిచి సూడు, నేను గూడ గీండ్ల ఉన్ననేమో" అంది విజయశ్రీ సరదాకి.

భవాని చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి.

"కొట్టు."

"నువ్వెందుకుంటవ్ వదినా గీండ్ల."

"మరి లేనప్పుడు కొట్టనీకి ఏమైతాంది?"

భవాని అరమనసుతో వదిన అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టింది. కొట్టగానే మేడం గట్టిగా చదివింది. వదిన ఒకటి. వదిన రెండు. వదిన మూడు.

మంచం మీదినుంచి ఒక చేయి లేచి మూడు వేళ్లు చూపించింది. తర్వాత, "మూడుసార్లున్న గాదే" అని మెల్లగా అంది విజయశ్రీ. "తియ్యి."

తప్పించుకునే దారి లేక భవాని మొదటిది తెరిచింది. పెయింట్ కొత్తగా నేర్చుకునే రోజుల్లో, చేతికి అలవాటు కావాలని ఆమె ఒకసారి ఆడబిడ్డ బొమ్మ వేసింది. ముక్కు బీరకాయలా వచ్చింది. కళ్లద్దాలు సైకిలు చక్రాల్లా వచ్చాయి. సిగలో పెట్టిన బంతిపువ్వు తలకన్నా పెద్దది. రెండో దాంట్లో ముక్కు సరిచేయబోతే అది ఇంకా సాగింది.

విజయశ్రీ తలకిందులుగానే ఆ బొమ్మను చాలాసేపు చూసింది.

"పువ్వు మంచిగొచ్చింది" అంది చివరికి. అన్నాక ఆమెకు నవ్వు ఆగలేదు. తలకిందులుగా నవ్వడంతో పొలమారి, భవాని వీపు మీద చరుస్తుంటే దగ్గుతూ, మధ్యలో "ముక్కు, ముక్కు" అంటూ బొమ్మను వేలితో చూపిస్తూ, మంచం మీదినుంచి సగం కిందికి జారిపోయింది.

తేరుకున్నాక మూడోది తెరిచారు.

చిలుకలు.

జామకొమ్మ నిండా పచ్చగా చిలుకలు, ఎర్ర ముక్కులతో. ఒక్క గడి కూడా చెరగలేదు. భవానికి అప్పుడు వెలిగింది. వదిన బొమ్మ మూడోసారి కూడా చెడిపోతే దాన్ని మొత్తం చెరిపేసి, అదే కాగితం మీద చిలుకలు మొదలుపెట్టింది. సేవ్ నొక్కినప్పుడల్లా అది పాత పేరుతోనే దాచుకుంటూ పోయింది. మెకానిక్ దాన్ని ఎక్కడో పాతవన్నీ కుక్కిన సంచిలో పడేశాడు.

"అంటే గీ చిల్కల కింద నేనున్ననా?"

"నిన్ను తుడిచి, నీ మీదనే గీసిన వదినా."

"ఉండనియ్యి. నా మీద వాలినయనుకుంట" అంది విజయశ్రీ, తృప్తిగా.

ఇంకా ఆలస్యం చేయకుండా పంపించాలి. కానీ తెర తలకిందులుగా ఉంది కాబట్టి చిలుకలు కూడా తలకిందులుగానే కనబడుతున్నాయి. తెర మీద బొమ్మను తిప్పే గుర్తు ఒకటి ఉంది. భవాని దాన్ని రెండుసార్లు నొక్కింది. చిలుకలు నిటారుగా లేచి కూర్చున్నాయి.

"అరే, ఎందుకు తిప్పినవ్? సీదగున్నయ్ గద" అంది మంచం మీద తల వేలాడేసుకున్న విజయశ్రీ.

"ఇప్పుడే సీదగైనయ్ వదినా."

"నాకు ఉల్టా కనబడుతానయ్."

"నువ్వు ఉల్టా పన్నవ్ గాబట్టి."

"నేను పన్నది కంప్యూటర్‌ను జూసే. అది ఉల్టా, నేను ఉల్టా, చిల్కలు సీద. గిప్పుడేమో..." విజయశ్రీ లెక్క కట్టబోయి మధ్యలో తప్పిపోయింది. "నాకు తల తిరుగుతాంది, నీ ఇష్టం" అంది.

భవాని తన కళ్లనే నమ్మింది. తిప్పిన బొమ్మనే సేవ్ చేసింది. వాట్సాప్‌ను కంప్యూటర్‌లోకి తెచ్చుకోవాలంటే తెర మీది గళ్ల గుర్తును ఫోన్‌కి చూపించాలి. ఆ గుర్తుకు మాత్రం తలకిందులైనా పట్టింపు లేదు, చూపించగానే తెరుచుకుంది. సుదర్శన్ సారు పేరు మీద ఫైలును పెట్టి పంపింది. నీలం టిక్కులు పడ్డాయి. ఇద్దరూ హమ్మయ్య అనుకుని విజయశ్రీ తెచ్చిన సర్వపిండి ముందేసుకున్నారు.

రెండు ముక్కలు తిన్నారో లేదో ఫోన్ మోగింది.

"భవానమ్మా, ఫైల్ వచ్చింది, సాఫ్‌గున్నది" అన్నాడు సుదర్శన్. "గని గీ చిల్కలన్ని కాళ్లు మీదికి పెట్టి వేలాడుతానయేంది? ఇవి చిల్కలా, గబ్బిలాలా?"

ఫోన్ స్పీకర్‌లో ఉంది కాబట్టి విజయశ్రీ కూడా విన్నది. ఆమె మంచం మీదినుంచి లేచి కూర్చుని, నోట్లో ముక్క నమిలి మింగి, ఫోన్‌కి దగ్గరగా జరిగింది.

"సార్, నేను భవాని ఆడిబిడ్డను మాట్లాడుతాన. మీరు జంపఖానా గోడకు ఏలాడేత్తరా, కింద పరుస్తరా?"

"కిందనే పరుస్తరమ్మా."

"మరి పరిచినదానికి మీద యాడుంటది, కింద యాడుంటది? గబ్బిలాలు కనబడితే లేచి అటుపక్కకు పోయి కూసోండ్రి, చిల్కలైతయ్."

అవతలినుంచి సుదర్శన్ నవ్వు వినబడింది. మెల్లగా మొదలై, ఆగి, మళ్లీ మొదలైంది. "సరే అమ్మా, నేను కుర్సీ జరుపుకుంట. గని కొనెటోళ్లకు నువ్వే వచ్చి చెప్పాలె అటుపక్క కూసోమని" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక విజయశ్రీ నవ్వుతూనే ఉంది, భవాని మాత్రం నవ్వడం లేదు. సర్వపిండి ముక్క చేతిలో పట్టుకుని గది మధ్యలో నేల వైపు చూస్తోంది. అక్కడ మామ నేసిన చారల జంపఖానా పరిచి ఉంది. లేచి ఒక పక్కన కూర్చుని చూసింది. మళ్లీ లేచి ఎదురుపక్కన కూర్చుని చూసింది.

"ఏమైందే నీకు?"

"వదినా, నిజంగనే నలుగురు కూసుంటే నాలుగు దిక్కుల కూసుంటరు గద. ఒకలకు సీదగున్నది ఇంకొకలకు ఉల్టానే. సగం చిల్కలను ఇటు మొఖాన, సగం అటు మొఖాన పెడితే? ఎవ్వరెటు కూసున్నా వాళ్ల ముంగట చిల్కలు సక్కగ కూసుంటయ్."

విజయశ్రీ కుర్చీని కంప్యూటర్ దగ్గరికి లాగింది.

ముందు తెరను సరిచేయాలి. ఈసారి భవానికి కంగారు లేదు. ఎక్కడుందో తెలియకపోయినా ఏం కావాలో తెలిస్తే చాలని ఆమెకు అర్థమైంది. సెట్టింగ్స్‌లో కూడా ఒక వెతుకుడు పెట్టె ఉంది. అందులో ఉల్టాకు ఇంగ్లీషు మాట కొట్టింది, దొరకలేదు. తిప్పడానికి మాట ఏమిటా అని ఇద్దరూ ఆలోచించి రొటేట్ అని కొట్టారు. దొరికింది. తెర మళ్లీ ఒకసారి నల్లబడి, కాళ్ల మీద నిలబడింది. నరేటర్ అని కొట్టి మేడంకు సెలవు ఇచ్చారు. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతే ఇద్దరికీ ఏదో వెలితిగా కూడా అనిపించింది. అక్షరాల సైజు మాత్రం తగ్గించనీయలేదు విజయశ్రీ.

తర్వాత చిలుకల కొమ్మను కాపీ చేసి, తిప్పి, పక్కన అతికించారు. రెండు కొమ్మలు ఒకదానికొకటి ఎదురుగా పెరిగినట్టు, మధ్యలో ఆకులు కలిసినట్టు వచ్చింది. అతుకు దగ్గర ఒక చిలుకకు రెండు తోకలు వస్తే భవాని గడులు చెరిపి సరిచేసింది. ఇటునుంచి చూస్తే ఇవి నిటారు, అటునుంచి చూస్తే అవి నిటారు. ఏదీ వేలాడుతున్నట్టు లేదు, పండు కోసం వంగినట్టుంది.

"ఈసారన్న పేరు సక్కగ పెట్టు" అంది విజయశ్రీ. భవాని చిలుక, చిలక, చిల్క మూడూ ఒకదాని పక్కన ఒకటి రాసి సేవ్ చేసింది. ఎవరు ఎట్లా పిలిచినా పలకాలని.

పంపేముందు రాజలింగును పిలిచారు. ఆయన వచ్చి తెర ముందు నిలబడ్డాడు. తలను ఒకవైపు వాల్చాడు, ఇంకోవైపు వాల్చాడు. కోడలు తన మగ్గం కోసం గీసిన బొమ్మను ఆయన ఇంత పెద్దగా, ఇంత దగ్గరగా చూడటం అదే మొదలు.

"దీనికి తల యాడున్నది?" అన్నాడు.

"లేదు మామా. ఎటుదిక్కన్న తలనే" అంది భవాని.

"అయితే ఎటునుంచి మొదలుపెట్టినా తప్పు పోదు." ఆయన వేలు తెర మీద ఒక గడి నుంచి ఇంకో గడికి నడిచింది, పెదవులు కదులుతున్నాయి. "పచ్చ నూలు జర ముదురుది కావాలె. మగ్గం మీద ఎక్కిస్త. పంపుండ్రి."

సాయంత్రం పండరి షెడ్డు నుంచి వచ్చేసరికి ఇల్లంతా అరుపులుగా ఉంది. విజయశ్రీ కొత్త కళ్లద్దాలు పెట్టుకుని కంప్యూటర్‌లో పేకాట ఆడుతోంది, భవాని పక్కనుంచి ముక్కలు చెబుతోంది, రాజలింగు చొక్కాతోనే మగ్గం మీద పడుగు దారాలు సరిచేస్తున్నాడు. "మిస్డ్‌కాల్స్ ఉన్నయ్, ఏమైంది?" అన్నాడు పండరి.

"ఏం గాలే. అన్ని దొరికినయ్" అంది భవాని, తెర మీదినుంచి చూపు తిప్పకుండా.

సుదర్శన్ సారు స్టాలుకు ఆ డిజైనునే ఏరాడు. పచ్చ నూలు రాజలింగుకు నచ్చేదాకా రెండుసార్లు అద్దించాల్సి వచ్చింది. ఆయన చారలు నేసిన చేత్తో మొదటి చిలుక ముక్కు నేసిన రోజు ఇంట్లో అందరినీ పిలిచి చూపించాడు. రెండో చిలుకకు కూడా పిలిచాడు. ఆ తర్వాత వాళ్లే పనులు మానుకుని వచ్చి చూడటం మొదలుపెట్టారు. జంపఖానా మగ్గం దిగి, హన్మకొండ ఎగ్జిబిషన్‌లో సంఘం స్టాలు మధ్యలో నేల మీద పరుచుకుంది.

మొదటి సాయంత్రమే కుటుంబమంతా చూడటానికి వెళ్లారు. స్టాలు ముందు జనం ఆగుతున్నారు. చీరకట్టులో ఉన్న ఒక పెద్దావిడ చెప్పులు విడిచి ఒక పక్కన కూర్చుని, చేత్తో నిమిరి, "నా దిక్కే జూస్తానయ్" అంది. ఎదురుపక్కన కూర్చున్న ఆమె చెల్లెలు, కాదు తన వైపే చూస్తున్నాయని పట్టుబట్టింది. ఇద్దరూ చోట్లు మార్చుకుని కూర్చుని, మళ్లీ అదే మాట అన్నారు. సుదర్శన్ సారు వాళ్లను లేపలేక, వచ్చేవాళ్లను పక్కనుంచి దాటిస్తున్నాడు. రాజలింగు ఒక మూల నిలబడి, ఎవరైనా నూలు గురించి అడుగుతారేమోనని ఎదురు చూస్తూ, ఎవరూ అడగకముందే చెప్పేస్తున్నాడు.

భవాని అంత సంతోషంలో ఎక్కడ నిలబడాలో తెలియక తిరుగుతుంటే విజయశ్రీ చేయి పట్టి లాగింది. స్టాళ్ల వెనక జెయింట్ వీల్ తిరుగుతోంది. పండరి వద్దంటున్నా వినకుండా ముగ్గురికీ టికెట్లు తెచ్చింది. ఎక్కాక పెట్టె కదిలి, ఒక్కో మెట్టుగా పైకి లేచి, చెట్లు, కొత్తగా వెలిగిన వీధిదీపాలు, బస్సుల తలలు కిందికి దిగిపోతుంటే పండరి ఇనుప కడ్డీని రెండు చేతులతో పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. భవాని, విజయశ్రీ అన్ని దిక్కులకూ వంగి చూస్తూ, అదిగో మట్టెవాడ, కాదు అది స్టేషను అని వాదించుకుంటున్నారు.

పైకి చేరాక వీల్ ఆగింది. భవాని ఫోన్ మోగింది. సుదర్శన్ సారు. కింద మైకులో పాట, గాలి హోరు, పక్కపెట్టెలో పిల్లల కేకలు. ఆయన ఏదో చెబుతున్నాడు. ఇంకా కావాలంటున్నారనో, ఇంకో డిజైన్ ఏమైనా ఉందా అనో. సగం మాటలు గాలి ఎత్తుకుపోయింది.

"సార్, మీద ఉన్న" అంది భవాని గొంతు పెంచి. "కిందికి దిగినంక మాట్లాడ్త."